దోహాలో ‘సంతృప్తికరం’

నేను దుబాయ్ వెళ్ళి వచ్చానని మా ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్నారు. నేను వెళ్ళింది ఖతర్. ఈ సంగతి మొదటి వారం పదిమందికి చెప్పి చూశాను. “అదే సార్, దుబాయ్‌ల ఖతరే గదా” అన్నారు. రెండో వారం నుంచి చెప్పడం మానేశాను. భూగోళం నా సబ్జెక్టు కాదు. జగిత్యాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి, కిందటేడు రిటైరయ్యాను.

నా చెల్లెలు విజయ దోహాలో ఉంటుంది. ఆమె భర్త శ్రీధర్ అక్కడ ఒక నిర్మాణ కంపెనీలో సేఫ్టీ ఇంజనీరు. వాళ్ళ కూతురు సాహితి ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా మా ఇంట్లో తిని, మా బడిలో నా క్లాసులోనే చదువుకుంది. కిందటేడు తల్లితోపాటు దోహా వెళ్ళి అక్కడి అమెరికన్ స్కూల్లో చేరింది. అమెరికా దాకా పోకుండానే అమెరికా చదువు ఎలా ఉంటుందో చూసి రావచ్చునని ఏప్రిల్‌లో బయల్దేరాను. చూశాను. అందులో కొంత నా చేతుల మీదుగానే జరిగింది.

అల్ హిలాల్: తొక్కు, చొక్కా, వార్త

చెల్లెలు ఉండేది అల్ హిలాల్‌లో, అయిదంతస్తుల అపార్టుమెంటులో. సూట్‌కేసు తెరవగానే మామిడికాయ తొక్కు డబ్బా మూత ఊడి ఉంది. నా ఇస్త్రీ తెల్ల చొక్కా నూనెంతా పీల్చుకుని, తొక్కును మాత్రం పొడిగా, భద్రంగా డబ్బాలోనే వదిలింది. తొక్కు దక్కినందుకు చెల్లెలు సంతోషించింది. చొక్కా గురించి ఎవరూ మాట్లాడలేదు.

టేబుల్ మీద పప్పుచారు, ఖుబ్జ్ అనే అరబ్బు రొట్టె పెట్టారు. మన పుల్కాకి పెద్దన్నలా ఉంటుంది, రియాలుకి సంచెడు ఇస్తారు. రియాలంటే మనకు దగ్గర దగ్గర ఇరవై నాలుగు రూపాయలు. అక్కడ నాకు చవగ్గా కనిపించింది అదొక్కటే.

“తిను అన్నా. తిన్నంక చెప్త” అంది విజయ.

మా చెల్లెలు తిన్నాక చెప్తానంటే అది చావు కబురైనా కావాలి, మార్కుల సంగతైనా కావాలి. మార్కుల సంగతే.

ఆ బడిలో లెక్కలకు రెండు రకాల తరగతులున్నాయట. ఒకటి మామూలుది. రెండోది ఆనర్స్, అంటే బాగా చదివేవాళ్ళది. సాహితి వెళ్ళాలనుకుంటున్న ఇంజనీరింగు కాలేజీలు ఆనర్స్ లెక్కలు చదవని పిల్లల దరఖాస్తు తెరిచి కూడా చూడవట. నిరుటి దాకా ఆనర్స్‌లోకి పోవాలంటే మూడు గంటల ప్రవేశ పరీక్ష ఉండేది. ఈ యేడు సంస్కరణలని వచ్చాయి. ఒక్క పరీక్షతో పిల్లల తెలివిని కొలవకూడదని పరీక్ష ఎత్తేశారు. దాని బదులు, అంతకుముందు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయుడు పిల్ల గుణగణాల మీద ఒక ఫారం నింపాలి.

ఆ ఫారం జనవరిలో నాకు మెయిల్లో వచ్చింది. శ్రద్ధ, తర్కం, పట్టుదల, చొరవ, నడవడిక అని అయిదు గుణాలు. ఒక్కో దానికి అయిదు గళ్ళు. నేను అయిదింటికీ ‘సంతృప్తికరం’ అన్న గడిలో టిక్కు పెట్టి, ఆ పూట భోజనం కూడా తృప్తిగా చేశాను.

“ఎందుకట్ల పెట్టినవ్ అన్నా?” అంది విజయ.

ఎందుకంటే నాకు అదే తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళుగా టీసీల్లో ప్రవర్తన అన్న చోట నేను రాసింది ఆ ఒక్క మాటే. కలెక్టరయినవాడికీ అదే రాశాను, రెండో పెళ్ళి చేసుకుని పారిపోయినవాడికీ అదే రాశాను. అంతకంటే ఎక్కువ రాస్తే హెడ్‌మాస్టరు పిలిచి, ‘ఈ పిల్ల మీకేమవుతుంది’ అని అడిగేవాడు. ఇక్కడ ఆ పిల్ల నిజంగానే నాకు మేనకోడలు. అందుకే మరింత జాగ్రత్తపడ్డాను. పైగా పిల్లల్ని ముఖం మీద పొగిడితే ఆయుక్షీణమని మా అమ్మ అనేది.

“పరీక్షనన్న ఉంచితే రాసి గెలుస్తుండె. అది వాళ్ళు తీసేసిరి, ఇది నువ్వు తీసేస్తివి” అంది విజయ.

లిస్టులో సాహితి పేరు లేదు. అభ్యంతరాలుంటే వచ్చే ఆదివారం లోపల చెప్పుకోవాలి. ఆ దేశంలో శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం బడి. నేను దిగింది మంగళవారం. సాహితి ఇదంతా వింటూ ఖుబ్జ్‌ను పప్పుచారులో ముంచుకుని తింది. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అల్ తుమామా: గేటు బయటి పండితుడు

బడి అల్ తుమామాలో ఉంది. బుధవారం మధ్యాహ్నం శ్రీధర్ చొక్కా వేసుకుని వెళ్ళాను. దాని చేతులు నా వేళ్ళ దాకా వచ్చాయి. విజయ లోపలికి వెళ్ళి మరునాటికి అపాయింట్‌మెంటు తీసుకుంటుంటే నేను గేటు బయట నీడలో నిలబడ్డాను. వరసగా పెద్ద పెద్ద తెల్ల కార్లు, వాటి పక్కన డ్రైవర్లు. వాళ్ళలో ఒకతను నా నుదుటి బొట్టు చూసి దగ్గరికొచ్చాడు.

“తెలుగోళ్ళా సార్?”

పేరు ఓబులేసు. రాయచోటి దగ్గర పల్లె. తొమ్మిదేళ్ళుగా ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి ముగ్గురు పిల్లల్ని ఇదే బడికి దింపుతాడు, తీసుకెళ్తాడు. మధ్యలో గేటు బయట ఉంటాడు. ఎదురుగా కొట్లో కరక్ టీ ఇప్పించాడు. ఏలకులు వేసి చిక్కగా కాచిన పాల టీ, రెండు రియాళ్ళు. మా ఊళ్ళో ఆ డబ్బుకి నలుగురు తాగుతారు, కానీ ఇంత చిక్కగా ఉండదు. డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు.

నా పని చెప్పాను. ఏం రాశానో కూడా చెప్పాను. ఓబులేసు టీ కప్పు కారు మీద పెట్టాడు.

“అట్ల రాసినారా సార్? ఈడ గుడ్ అంటేనే ఏదో తేడా ఉండాదని అర్థం. మా సిన్నోడికి ఒకసారి టీచరు గుడ్ అని రాసింది. మా మేడమ్ రెండు రోజులు అన్నం తినల్యా. గ్రేట్ అంటే పర్వాలేదని. అమేజింగ్ అంటే పాస్ అయినట్ల.”

“సంతృప్తికరం అంటే?”

“అది నేను ఈడ యినల్యా సార్. దాన్ని ఎవురికీ రాయరు.”

తొమ్మిదేళ్ళు గేటు బయట నిలబడినందుకు అతనికి ఆ బడి సంగతులన్నీ తెలుసు. సంస్కరణల్లో భాగంగా ర్యాంకులు కూడా తీసేశారట. మా దగ్గర ఫస్టు వచ్చిన పిల్లవాడి ఫోటో బస్సు వెనకాల ఉంటుంది. ఇక్కడ ఫస్టు ఎవరో పిల్లలకు తెలియనివ్వరు, మిగతావాళ్ళ మనసు నొచ్చుకుంటుందని. నిరుటి ఫస్టు ఎవరని ఓబులేసును అడిగాను. పేరు, ఇంటి వీధి, కారు నంబరు చెప్పాడు.

“మీ పిల్లలు ఏం చదువుతున్నారు?” అన్నాను.

“పాప టెన్త్ రాసినాది సార్. రిజల్ట్ రావల్ల.” కారు తలుపు తుడుస్తూ, “దాన్ని నేను ఎప్పుడూ బడి కాడ దింపల్యా” అన్నాడు. అప్పుడే బడి వదిలారు, గేటు తెరుచుకుంది. కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు.

కౌన్సిలర్ గది

మరునాడు సాహితి, నేను కౌన్సిలర్‌ని కలిశాం. పిల్లల చదువు, మనసు రెండూ చూసుకునే ఉద్యోగం అది. మా బడిలో ఆ రెండో పని అటెండర్ చేసేవాడు. ఆమె పేరు డయాన్. యాభై దాటిన అమెరికన్ మనిషి, నెమ్మదస్తురాలు. ఆమె గది గోడ మీద ‘తప్పులకు స్వాగతం’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. మా బడిలో స్వాగతం చెప్పకపోయినా వచ్చేవి.

నా ఇంగ్లీషు లెక్కల ఇంగ్లీషు. లెట్, దేర్‌ఫోర్, హెన్స్ ప్రూవ్డ్ వరకు ధైర్యంగా నడుస్తుంది. ఆ తర్వాత సాహితి అందుకునేది. తన గురించే తను తర్జుమా చేయాల్సి వచ్చినా ఆ పిల్ల ఒక్క మాట కూడా పెంచలేదు.

మా దగ్గర ‘సంతృప్తికరం’ కంటే పై మాట లేదని చెప్పాను. డయాన్ ఫారం తెరిచి చూపింది. అంతకుముందు ఫారంలో ‘బలహీనం’, ‘తక్కువ’ అని రెండు గళ్ళు ఉండేవట. అవి పిల్లల్ని గాయపరిచే మాటలని సంస్కరణల్లో తీసేశారు. దాంతో నేను టిక్కు పెట్టిన గడి అన్నిటికంటే అడుగున మిగిలింది.

“ఈ గడిలో టిక్కు పెట్టినవారు మీరొక్కరే. అయిదు సార్లు పెట్టారు” అంది డయాన్, మర్యాదగానే.

మళ్ళీ నింపడానికి ఒప్పుకుంది. అయితే ఉత్తి గళ్ళు మారిస్తే చాలదట. ఒక సంఘటన రాయాలి. ఆ పిల్ల ఎలాంటిదో తెలిసే సంఘటన, నేను కళ్ళారా చూసింది. మార్కులు రాయకూడదు. తెలివైనది, వినయం కలది అని విశేషణాలు రాయకూడదు. ఇంకో నియమం కూడా ఉంది. కొత్త పద్ధతి ప్రకారం, తన గురించి రాసింది చదువుకునే హక్కు పిల్లకు ఉంటుంది.

బయటికొచ్చాక సాహితిని అడిగాను, “ఏం రాయాలె బిడ్డా?”

“నేను చెప్పొద్దు మామా. రూల్” అంది.

నాలుగేళ్ళు నా ఇంట్లో పెరిగిన పిల్ల. ఎప్పుడూ నూటికి తొంభై పైనే తెచ్చుకుంది. ఒక్క సంఘటన కూడా తట్టలేదు. నేను చూసింది పేపర్లే.

ఫరీజ్ బిన్ మహమూద్: లింగం సర్టిఫికెట్

శుక్రవారం మధ్యాహ్నం మన అన్నం తినాలనిపించి ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉన్న తెలుగు మెస్సుకు ఒక్కణ్నే బయల్దేరాను. మెట్రోలో ఖాళీగా, మెత్తటి సీట్లున్న పెట్టె చూసి ఎక్కాను. రెండో స్టేషన్లో యూనిఫాం వేసుకున్న అమ్మాయి వచ్చి, అది గోల్డు పెట్టె అని, నాది మామూలు టికెట్టని చిరునవ్వుతో దింపింది. ఆ దేశంలో బళ్ళలోనే కాదు, బండ్లలో కూడా ఆనర్స్ ఉంది.

మెస్సు పాత అపార్టుమెంట్ల మధ్య, ఒక టైలరు కొట్టు పైన. టొమాటో పప్పు, గోరుచిక్కుడు వేపుడు, పచ్చిపులుసు, పెరుగు, పన్నెండు రియాళ్ళు. సెలవు రోజు కావడంతో కార్మికుల క్యాంపుల నుంచి వచ్చినవాళ్ళతో కిటకిటలాడుతోంది. నా ఎదురుగా కూచున్నాయన పచ్చిపులుసు గ్లాసుతో తాగుతున్నాడు. పేరు లింగం, మెట్‌పల్లి పక్క ఊరు. భవనాల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టే పని. నేను లెక్కల సారునని తెలియగానే ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. నెల ఉత్తమ కార్మికుడని కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్.

“ఏం రాసిండ్రో జెర సదివి చెప్పుండ్రి సార్. క్యాంప్‌ల ఒక్కొక్కడు ఒక్కో తీరు చెప్తుండు.”

చదివాను. అయిదో అంతస్తు పరంజాకు ఒక పక్క బిగింపులు సరిగా లేవని గమనించి, ఫోర్‌మన్‌కు చెప్పి పని ఆపించినందుకు అని ఉంది.

“అవు సార్. ఫోర్‌మన్ యల్లా యల్లా, జల్ది ఎక్కుమని తోల్తుండు. నేను మాఫీ అన్న, అరబ్బీల లేదని. ఎక్కనన్న. అందరి ముంగట అన్న. డ్యూటీ పాయె అనుకున్న. నా పెట్టె గూడ సదురుకున్న. మూడో నాడు పెద్ద ఇంజినీరు పిలిచి ఈ కాగితం ఇచ్చిండు, ఒక టీషర్ట్ ఇచ్చిండు.”

“ఫోర్‌మన్ ఏమన్నడు?”

“ఆడే సప్పట్లు గొట్టిండు ముందుగాల.” లింగం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “తప్పు జూపిస్తే బహుమతి ఇచ్చిండ్రు సార్. మనకాడైతే ఎల్లగొడ్తుండ్రి.”

పెరుగన్నం కలుపుకున్నాను కానీ తినలేకపోయాను. నాకు సంఘటన దొరికింది. దొరక్కపోతే బాగుండునని ఆ క్షణంలో నిజంగా అనుకున్నాను.

శనివారం: ఒక పేజీ

శనివారమంతా శ్రీధర్ ల్యాప్‌టాప్ ముందు కూచున్నాను. విజయ మజ్బూస్ తెప్పించింది. మాంసం, ఎండునిమ్మకాయ వేసి వండే అరబ్బు అన్నం. మన బిర్యానీకి అణకువ నేర్పితే అలా ఉంటుంది. ప్లేటు పక్కన పెట్టుకుని నిఘంటువు తిరగేస్తూ రాశాను. రాసింది ఇది.

సాహితి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు తనిఖీకి మండల విద్యాధికారి వచ్చి నా క్లాసులో వెనక బెంచీలో కూచున్నాడు. నేను బోర్డు మీద ఒక లెక్క చేస్తున్నాను. మూత లేని నీళ్ళ తొట్టికి బయటి వైపంతా రంగు వేయడానికి ఎంత ఖర్చవుతుంది అని. వైశాల్యంలో నేను మూత కూడా కలిపేశాను. నలభై మంది నోట్సులో ఎక్కించుకుంటున్నారు. అధికారి తల ఊపుతున్నాడు. సాహితి చెయ్యి ఎత్తి, “సార్, తొట్టికి మూత లేదు కదా” అంది. నేను మధ్యలో మాట్లాడడం క్రమశిక్షణ కాదని చెప్పి, గంట కొట్టే దాకా ఆమెను వరండాలో నిలబెట్టాను. అధికారి రిజిస్టర్‌లో నా బోధన సంతృప్తికరం అని రాసి వెళ్ళాడు. ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి నా భార్యకు కూడా చెప్పలేదు. మరునాడు హోంవర్కులో అదే లెక్క సరిగ్గా చేసి తెచ్చింది. నేను రైటు పెట్టాను. నా తప్పు నాకు ఆ సాయంత్రం ఇంట్లో తెలిసింది. బోర్డు మీద దిద్దలేదు. ఆ నలభై మంది నోట్సుల్లో ఆ తొట్టికి ఇప్పటికీ మూత ఉంది.

ఇంతవరకు రాసి ఆగాను. అది చెరపడానికి రెండుసార్లు చెయ్యి వెళ్ళింది. ముప్పై ఒక్క ఏళ్ళు నన్ను సారు అని పిలిచిన ఊరు గుర్తొచ్చింది. సిగ్గేసింది. చెరిపితే పిల్లకు ఆనర్స్ లేదు. ఉంచితే దాన్ని పిల్లే చదువుతుంది. చివరికి అయిదు గుణాల్లో నాలుగింటికి అన్నిటికంటే పై గడిలో టిక్కు పెట్టాను. నడవడిక దగ్గర రెండో గడిలో పెట్టాను, ఇంట్లో తిన్న కంచం తియ్యదు కాబట్టి.

ఆదివారం, తర్వాత బుధవారం

ఆదివారం డయాన్ ఆ పేజీ నా ముందే చదివింది. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివింది.

“ఆ తర్వాత మీరు ఆమెకు క్షమాపణ చెప్పారా?” అని అడిగింది.

“మా రిజిస్టర్‌లో ఆ కాలమ్ లేదు” అన్నాను. ఈసారి తర్జుమాకు సాహితి పక్కన లేదు కాబట్టి నేనే ఎలాగో చెప్పాను. అర్థమైనట్టే ఉంది.

ఆ మూడు రోజులు ఊరు చూపించారు. మ్యూజియం చూశాను, సూక్ అనే పాత బజారులో డేగల్ని అమ్మే కొట్టు చూశాను. ఒక డేగ ఖరీదుకి మా ఊళ్ళో ఇల్లొస్తుంది. డేగకి పాస్‌పోర్టు కూడా ఉంటుందట. అవేవీ నాకు సరిగా గుర్తు లేవు. సాహితి నాతో మామూలుగానే మాట్లాడుతోంది, టీ ఇస్తోంది, కంచం తీయడం లేదు. పేజీ చదివిందో లేదో చెప్పలేదు. నేను అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం బడి నుంచి వస్తూనే బూట్లు విప్పుకుంటూ చెప్పింది, “వచ్చింది మామా.” ఆనర్స్ లిస్టులో అక్షరక్రమంలో ముప్పై పేర్లు, అందులో ఆమెది ఉంది. విజయ ఏడ్చింది. శ్రీధర్ ఆఫీసు నుంచే స్వీట్లు ఆర్డరిచ్చాడు. ఈ మాట ఓబులేసుకు కూడా చెప్పగలిగితే బాగుండునని నేను అనుకున్నాను.

సాయంత్రం అందరం కార్నిష్‌కి, అంటే సముద్రం ఒడ్డు బాటకు వెళ్ళాం. విజయ, శ్రీధర్ ముందు నడుస్తున్నారు. సాహితి నా పక్కన ఉంది. నీళ్ళ మీద చెక్కపడవలు దీపాలు వెలిగించుకుంటున్నాయి. 

“మామా, చదివిన” అంది.

“ఊఁ.”

“అన్ని కరెక్టే రాసిండ్రు. ఒక్కటి అడుగుతా. మీ తప్పు నిజంగ ఆ సాయంత్రమే తెలిసిందా మీకు?”

ఆ పేజీలో నేను దాచుకున్న అబద్ధం ఆ ఒక్క వాక్యమే. దాన్నీ పట్టుకుంది.

“లేదు బిడ్డా. నువ్వు చెయ్యెత్తక ముందే తెలిసింది. రాస్తుంటేనే తెలిసింది. వెనక ఆ ఆఫీసర్ కూసుండె.”

సాహితి తల ఊపింది. ఆశ్చర్యపోలేదు.

“అనుకున్న. మీరు రాసి, చాక్‌పీస్ పట్టుకొని బోర్డు దిక్కే చూసుకుంట నిలబడ్డరు. దిద్దాలని ఉంది, ఎట్ల దిద్దాలో తెలుస్తలేదేమో అనుకున్న. ఎవరన్న అడిగితే మీకు ఈజీ అయితదని చెయ్యెత్తిన.”

“తప్పయింది బిడ్డా” అన్నాను.